హిట్లర్ 1933లోనే వచ్చాడు కదా, జర్మనీ యూదులు అప్పుడే ఎందుకు వెళ్ళిపోలేదు?

హిట్లర్ యూదు ద్వేషం 1933 నాటికే జగమెరిగిన సంగతి అయినప్పుడు జర్మనీలోని యూదులు వెంటనే దేశం విడిచి ఎందుకు పోలేదని, అందులోనూ డబ్బూ చదువూ ఉన్నవారు 1938 దాకా దేనికోసం ఆగారని మీరు అడిగారు. డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ఐరోపా చరిత్ర బోధించినన్నాళ్ళూ ఈ ప్రశ్న నాకు తరగతి గదిలో ఎదురవుతూనే ఉండేది. ప్రశ్న సహజమైనదే. కానీ 1942లో జరిగినది, అంటే యూదుల సామూహిక హత్యాకాండ, తెలిసి ఉన్న మనం ఆ తెలివిడిని 1933లో బతుకుతున్న మనిషికి అంటగట్టి, నీవెందుకు తొందరపడలేదని నిలదీస్తున్నాం. ఆ తొలి ఆరేళ్ళలో పీడన ఒక్కసారిగా మీద పడలేదు. చట్టాలుగా, ఉత్తర్వులుగా, మినహాయింపులతో, మధ్యమధ్య విరామాలతో వచ్చింది. ప్రతి మినహాయింపూ ఆగడానికి ఒక సహేతుకమైన కారణం చూపించింది. పైగా, పొమ్మంటున్న ప్రభుత్వమే పోయేవాడి చేతిలో చిల్లిగవ్వ మిగలకుండా చేసింది.

ముందుగా ఒక దిద్దుబాటు అవసరం. ఎవరూ వెళ్ళలేదన్నది నిజం కాదు. 1933 ఆరంభంలో జర్మనీలో మతరీత్యా యూదులు సుమారు 5,25,000 మంది ఉండేవారు. దేశ జనాభాలో వారు ఒక శాతం కన్నా తక్కువే. వారిలో దాదాపు మూడోవంతు బెర్లిన్‌లోనే నివసించేవారు. ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 37,000 మంది సరిహద్దు దాటారు. మరుసటి ఏడాది ఆ సంఖ్య 23,000కు, 1935లో 21,000కు పడిపోయింది. మళ్ళీ 1938లో 40,000కు, 1939లో 78,000కు ఎగబాకింది. కాబట్టి చరిత్రకారుడు వివరించవలసినది వెళ్ళకపోవడాన్ని కాదు, మొదట బయలుదేరిన ప్రవాహం నడుమ ఎందుకు సన్నగిల్లిందన్న విషయాన్ని.

తొలి నెలల్లో హింస వీధుల్లో కనిపించింది. నాజీ పార్టీ తుపాను దళాలు 1933 మార్చి 11న బ్రెస్లావ్ నగర న్యాయస్థానంలోకి చొరబడి యూదు న్యాయమూర్తులను, న్యాయవాదులను బయటికి తరిమాయి. విదేశీ పత్రికల్లో నిరసన పెరగడంతో, దానికి ప్రతీకారమన్న పేరుతో ఏప్రిల్ 1న యూదుల దుకాణాలను దేశవ్యాప్తంగా బహిష్కరించాలని పార్టీ పిలుపునిచ్చింది. బహిష్కరణను నడిపిన కమిటీకి నాజీ నాయకుడు యూలియస్ స్ట్రైషర్ అధ్యక్షుడు. ప్రచార బాధ్యత ప్రచార మంత్రి గోబెల్స్‌ది. దుకాణాల ముందు దళ సభ్యులు కాపలా నిలబడ్డారు, అద్దాల మీద నక్షత్రాలు గీశారు. అయితే ఆ రోజు శనివారం. యూదుల వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు కావడంతో కొన్ని దుకాణాలు ఎలాగూ మూసి ఉన్నాయి. కొందరు జర్మన్లు కావాలనే ఆ దుకాణాల్లోకి వెళ్ళి సరుకులు కొన్నారు. బహిష్కరణ ఒక్క రోజుతో ముగిసింది. ఆ సాయంత్రం బెర్లిన్‌లో ఇంటికి చేరిన యూదు వర్తకునికి రెండు ఆలోచనలూ సమానంగానే తోచి ఉంటాయి: ఇది ఆరంభమని ఒకటి, ఇంతకన్నా వీరు చేయగలిగినది లేదని ఇంకొకటి. ఆ వారంలోనే యూదు పత్రిక సంపాదకుడు రాబర్ట్ వెల్ట్‌ష్ "పసుపు గుర్తును గర్వంగా ధరించండి" అన్న శీర్షికతో వ్యాసం రాశారు. పసుపు గుర్తంటే మధ్యయుగాల్లో యూదులకు అవమానంగా తగిలించిన చిహ్నం. ఆ వ్యాసం పారిపొమ్మన్న పిలుపు కాదు, తలవంచవద్దన్న పిలుపు. అప్పటికి అదే ధైర్యవంతమైన మాట.

అసలు దెబ్బ ఏప్రిల్ 7న గెజిట్ ద్వారా వచ్చింది. ప్రభుత్వోద్యోగ వ్యవస్థ పునరుద్ధరణ అన్న మర్యాదైన పేరు గల చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం ఆర్యులు కాని ఉద్యోగులను విశ్రాంత జాబితాలో చేర్చాలి. నాలుగు రోజుల తర్వాత వెలువడిన నియమావళి, తాతయ్య అమ్మమ్మలు, తాతయ్య నాయనమ్మలు అన్న నలుగురిలో ఒక్కరు యూదు అయినా చాలునని తేల్చింది. అదే రోజుల్లో న్యాయవాద వృత్తికి, ఆరోగ్య బీమా నిధుల పరిధిలో వైద్యం చేసే డాక్టర్లకు ఇలాంటి ఆంక్షలే వచ్చాయి. ఏప్రిల్ 25 నాటి చట్టం ఉన్నత పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చేరే యూదు విద్యార్థులను 1.5 శాతానికి పరిమితం చేసింది. అక్టోబరు నాటి చట్టంతో పత్రికా సంపాదకత్వం కూడా మూసుకుపోయింది.

ఇక మీరు ప్రత్యేకంగా గమనించవలసినది మినహాయింపులను. అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ ఏప్రిల్ 4న హిట్లర్‌కు లేఖ రాసి, దేశం కోసం యుద్ధంలో పోరాడినవారిని ఉద్యోగాల నుంచి తొలగించడం తగదన్నాడు. ఫలితంగా 1914 ఆగస్టు 1కి ముందే ఉద్యోగంలో ఉన్నవారిని, మొదటి ప్రపంచ యుద్ధంలో రణరంగంలో నిలిచినవారిని, తండ్రినో కొడుకునో యుద్ధంలో పోగొట్టుకున్నవారిని చట్టం వదిలిపెట్టింది. ఇది చిన్న రాయితీ కాదు. ఆ యుద్ధంలో సుమారు లక్ష మంది యూదులు జర్మన్ సైన్యంలో పనిచేశారు, దాదాపు 12,000 మంది ప్రాణాలిచ్చారు. దేశంలోని 4,585 మంది యూదు న్యాయవాదుల్లో 3,167 మంది, అంటే ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు, ఆ మినహాయింపుల కింద వృత్తిలో కొనసాగారు. ఇంతమంది తేలుతారని నాజీలు కూడా ఊహించలేదు. కోర్టుకు మునుపటిలా వెళ్ళి వస్తున్న ఆ న్యాయవాదికి, ఇల్లూ కక్షిదారులనూ వదిలి, భాష రాని దేశంలో, అక్కడి న్యాయశాస్త్రం ఒక్క ముక్క తెలియకుండా బతుకు మొదలుపెట్టమని సలహా ఇస్తే ఆయన ఏమనేవారో ఊహించండి. వైద్యుడి పట్టా ఎక్కడో ఒకచోట పనికొస్తుంది. జర్మన్ సివిల్ చట్టంలో ప్రావీణ్యం జర్మనీ దాటితే ఎందుకూ కొరగాదు.

మినహాయింపు ఎంత దయగా కనిపించేదో అంత అవమానకరంగానూ ఉండేది. మన ఇంటర్మీడియట్ రసాయనశాస్త్ర పుస్తకాల్లో అమ్మోనియా తయారీ దగ్గర కనిపించే ఫ్రిట్జ్ హేబర్ యూదు కుటుంబంలో పుట్టి క్రైస్తవం స్వీకరించిన వ్యక్తి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ కోసం విషవాయువుల ప్రయోగాన్ని నడిపినది కూడా ఆయనే. కొత్త చట్టం ఆయన జోలికి రాలేదు. బెర్లిన్‌లో తాను నడిపే పరిశోధన సంస్థలోని ఇతర యూదు శాస్త్రజ్ఞులను మాత్రం ఆయనే తొలగించాలి. ఆయన ఏప్రిల్ 30న రాజీనామా చేసి, కొన్ని నెలలకు దేశం విడిచి, 1934 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మరణించారు.

ఉండిపోయినవారి మనఃస్థితికి నాకు తెలిసిన మంచి నిదర్శనం విక్టర్ క్లెంపరర్. డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆయన ఫ్రెంచ్ తదితర భాషా సాహిత్యాల ఆచార్యుడు. యుద్ధంలో స్వచ్ఛందంగా చేరిన సైనికుడు. ప్రొటెస్టంట్ మతం పుచ్చుకున్నవారు. భార్య ఎవా యూదు కాదు. ఆ ఏళ్ళ అనుభవాలను రోజువారీగా రాసిపెట్టినందువల్ల మనకు ఆయన జీవితం దగ్గరగా తెలుసు. 1934లో, అంటే హిట్లర్ వచ్చిన ఏడాదిన్నర తర్వాత, ఈ దంపతులు చేసిన పని డ్రెస్డెన్ పక్కన డోల్చెన్ అనే ఊళ్ళో ఇల్లు కట్టుకోవడం. ఇది మూర్ఖత్వమని ఇవాళ అనడం తేలిక. మినహాయింపు కింద ఉద్యోగం నిలిచి ఉంది, జీతం వస్తోంది, ఈ ప్రభుత్వం ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరికీ తెలియదు, అంతకు ముందు కొన్నేళ్ళలో జర్మనీలో ఎందరో ఛాన్సలర్లు (ప్రభుత్వాధినేతలు) వచ్చిపోయారు. 1935లో క్లెంపరర్ ఉద్యోగం కూడా పోయింది.

1934ను నేను విరామ సంవత్సరమని చెబుతుంటాను. ఆ ఏడాది జూన్ 30న మొదలుపెట్టి రెండు మూడు రోజుల్లో హిట్లర్ తన సొంత తుపాను దళాల నాయకుడు రోమ్‌నూ, అతని అనుచరులనూ చంపించాడు. వీధి రౌడీలను అణచివేశారు కాబట్టి ఇక పాలన చట్టబద్ధంగా సాగుతుందని యూదులే కాదు, చాలామంది జర్మన్లు కూడా అనుకున్నారు. 1933లో ఫ్రాన్స్‌కు, ఇతర పొరుగు దేశాలకు పారిపోయినవారిలో వేలమంది అక్కడ పని దొరకక, పని చేసుకునే అనుమతి లేక, 1935 ఆరంభంలోపు తిరిగి జర్మనీకి వచ్చేశారు. ఇలా తిరిగివచ్చేవారిని శిబిరాల్లో పెడతామని 1935లో నాజీ రహస్య పోలీసు విభాగమైన గెస్టపో బెదిరించవలసి వచ్చిందంటే ఆ తిరుగు ప్రవాహం ఎంతటిదో అర్థమవుతుంది. వెళ్ళడమే తప్ప రావడం లేని దారిగా వలసను చూడటం మనకు అలవాటైపోయింది. ఆనాటివారికి అది అలా లేదు.

గణాంకాల్లో కనిపించని మరో వలస కూడా ఉంది. బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి నగరాల్లో జనం మధ్య కలిసిపోవడం సాధ్యమే. చిన్న ఊళ్ళలో పశువుల వర్తకుడూ బట్టల దుకాణదారూ అందరికీ ముఖపరిచితులే. అక్కడ బహిష్కరణ ఒక్క రోజుతో ఆగలేదు. యూదులకు ప్రవేశం లేదన్న బోర్డులు ఊరి మొదట్లోనే వెలిశాయి, యూదు దుకాణానికి వెళ్ళినవారి ఫోటోలు తీసి బహిరంగంగా అంటించారు. అటువంటి కుటుంబం ఊళ్ళోని ఇల్లు అమ్ముకుని నగరానికి చేరేది. సరిహద్దు దాటలేదు కాబట్టి వీరిని మనం వెళ్ళనివారిలో లెక్కిస్తున్నాం. వారి దృష్టిలో మాత్రం వారు అప్పటికే ఒకసారి పారిపోయారు.

డబ్బున్నవారి సంగతికి వస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో బలమైన భాగం అదే. దేశం విడిచేవారి మీద 25 శాతం పన్ను వేసే నిబంధనను నాజీలు పుట్టించలేదు. ఆర్థిక మాంద్యంలో పెట్టుబడులు దేశం దాటిపోకుండా 1931 డిసెంబరులో అప్పటి ఛాన్సలర్ బ్రూనింగ్ ప్రభుత్వం తెచ్చినది అది. అప్పట్లో 2 లక్షల మార్కులకు మించిన ఆస్తికే వర్తించేది. నాజీ ప్రభుత్వం 1934 మేలో ఆ హద్దును 50,000 మార్కులకు దించింది. సంపన్నుల కోసం పుట్టిన పన్ను మధ్యతరగతి యూదు కుటుంబం మెడకు చుట్టుకుంది. మొదట్లో ఏడాదికి పది లక్షల మార్కుల వరకు రాబట్టిన ఈ పన్ను 1938–39 ఆర్థిక సంవత్సరంలో 34 కోట్ల మార్కులకు పైగా తెచ్చిపెట్టింది. అది తొలి మెట్టు మాత్రమే. మిగిలిన డబ్బును వెంట తీసుకుపోనివ్వరు. అది స్తంభింపజేసిన ఖాతాలో పడుతుంది. దాన్ని విదేశీ కరెన్సీగా మార్చుకోవాలంటే ప్రభుత్వ బ్యాంకు నిర్ణయించిన కోతకు ఒప్పుకోవాలి. ఆ కోత 1934 జనవరిలో 20 శాతం, అదే ఏడాది ఆగస్టులో 65 శాతం, 1936లో 81 శాతం, 1939 సెప్టెంబరు నాటికి 96 శాతం.

ఉదాహరణకు లక్ష మార్కుల ఆస్తి ఉన్న ఒక వైద్యుణ్ణి ఊహించుకోండి. 1934 ఆరంభంలో, పన్ను హద్దు ఇంకా దించకముందే బయలుదేరితే ఆయన చేతికి 80,000 మార్కుల విలువైన విదేశీ ద్రవ్యం వచ్చేది. ఆ తర్వాత అయితే పన్ను పోగా 75,000 మాత్రమే మిగులుతుంది, కోత దాని మీద పడుతుంది. 1936 చివర్లో బయలుదేరితే 14,250. 1939 సెప్టెంబరులో అయితే 3,000. పైగా ఆ ఆస్తిని అమ్మేటప్పుడే, కొనేవాడికి అమ్మేవాడి అవసరం తెలుసు కాబట్టి, సగం ధర కూడా పలికేది కాదు. ఈ అంకెలు చూపిస్తే విద్యార్థులు, అయితే 1934లోనే పోవలసింది కదా అని వాదించేవారు. లెక్క ప్రకారం నిజమే, కాని 1934లో ఉన్నవాడికి 1939 నాటి కోత తెలియదు. అతనికి కనిపించేది ఇవాళే ఆస్తిలో పెద్ద భాగం పోగొట్టుకోవాలన్న విషయం, పరిస్థితి చక్కబడితే అదంతా దండగ అవుతుందన్న భయం. ఆస్తి లేని కుర్రవాడు చేతిసంచీతో బయలుదేరగలడు. స్థిరపడిన కుటుంబానికి ఆ సౌకర్యం లేదు. అందుకే డబ్బున్నవారే ఎక్కువగా ఆగిపోవడం వింతేమీ కాదు.

ఈ ఉచ్చులో ఒక సందు 1933 ఆగస్టులో తెరుచుకుంది. హవారా ఒప్పందమని పిలిచే ఆ ఏర్పాటు ప్రకారం పాలస్తీనాకు వెళ్ళే యూదులు తమ సొమ్మును జర్మనీలో జమచేస్తే, దానితో కొన్న జర్మన్ సరుకులు పాలస్తీనాకు ఎగుమతయ్యేవి. అక్కడ వాటిని అమ్మగా వచ్చిన డబ్బులో కొంత వలసదారుకు దక్కేది. 1,000 పౌండ్లు చూపగలవారికి బ్రిటిష్ పాలనాయంత్రాంగం కోటాతో నిమిత్తం లేకుండా ప్రవేశం ఇచ్చేది కాబట్టి ఈ ఏర్పాటుకు చాలా విలువ ఉండేది. యుద్ధం మొదలయ్యేలోగా 50,000 మందికి పైగా జర్మన్ యూదులు పాలస్తీనా చేరారు. నాజీలతో వ్యాపారం చేయడమేమిటని యూదు సంస్థల్లోనే తీవ్ర వివాదం చెలరేగింది. నా మట్టుకు నాకు, ప్రాణాలు దక్కినవారి సంఖ్య చూశాక, ఆ ఒప్పందాన్ని తప్పుపట్టడానికి మనసొప్పదు.

సొమ్ము సంగతి అటుంచితే, తీసుకునే దేశం కూడా కావాలి. అమెరికా చట్టం జర్మనీలో పుట్టినవారికి ఏడాదికి 25,957 వీసాలు కేటాయించింది. ప్రభుత్వానికి భారమవుతారేమోనన్న అనుమానమున్నా దరఖాస్తు తిరస్కరించాలని 1930లో కాన్సులేట్లకు ఆదేశాలు అందడం వల్ల, నాజీ పాలన తొలి ఏళ్ళలో ఆ కోటా కూడా నిండలేదు. శరణార్థుల కోసం నానాజాతి సమితి నియమించిన కమిషనర్ జేమ్స్ మెక్‌డొనాల్డ్, ప్రభుత్వాల ఉదాసీనతతో విసిగి 1935 డిసెంబరులో రాజీనామా చేశాడు. 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై సానుభూతి ప్రకటించాయి. డొమినికన్ రిపబ్లిక్ తప్ప చెప్పుకోదగ్గ సంఖ్యలో తీసుకుంటామన్న దేశం లేదు. మన దేశానికి కూడా కొందరు వచ్చారు. గోటింగెన్‌లో ఉద్యోగం పోయిన భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్ 1935–36లో సి.వి. రామన్ ఆహ్వానంపై బెంగళూరులో కొన్ని నెలలు పనిచేశారు. 1933లో బెర్లిన్‌లో ఉద్యోగం కోల్పోయిన వాస్తుశిల్పి ఓటో కోనిగ్స్‌బర్గర్ 1939లో మైసూరు సంస్థానంలో చేరి, తర్వాత భువనేశ్వర్ నగర ప్రణాళిక రచించారు. ఇటువంటి అవకాశాలు పేరున్న నిపుణులకే దక్కాయి.

1935 సెప్టెంబరు 15 నాటి న్యూరెంబర్గ్ చట్టాలతో ఇక కళ్ళు తెరుచుకోవలసింది కదా అని మీరు అనవచ్చు. ఆ చట్టాలు యూదులకు పూర్తి పౌరసత్వం లేకుండా చేశాయి. యూదులకూ ఇతర జర్మన్లకూ మధ్య వివాహాన్నీ శారీరక సంబంధాన్నీ నేరంగా మార్చాయి. 45 ఏళ్ళ లోపు జర్మన్ స్త్రీని ఇంటి పనికి పెట్టుకోవడం కూడా నేరమే అయింది. నవంబరు 14న వచ్చిన నియమావళి ముగ్గురు లేదా నలుగురు యూదు తాత నాయనమ్మలున్నవారిని యూదులుగా నిర్వచించి, ఇద్దరున్నవారి విషయంలో మతం, వివాహం వంటి అదనపు షరతులు పెట్టింది. రక్తం పేరు చెప్పి రాసిన ఈ చట్టానికి రక్తాన్ని గుర్తించే పరీక్ష ఏదీ లేదు. చివరికి తాత ఏ ప్రార్థనామందిరపు రిజిస్టరులో ఉన్నాడన్న ఒక్క ఆధారమే మిగిలింది. జాతి సిద్ధాంతం బూటకమని చెప్పడానికి ఇంతకన్నా వేరే రుజువు అక్కరలేదని నేను అనుకుంటాను. యుద్ధ వీరులకిచ్చిన మినహాయింపు కూడా ఆ డిసెంబరు 31తో ముగిసింది.

అయినా ఆ చట్టాలను చదివిన యూదులలో కొందరికి వాటిలో ఊరట కనిపించింది. ఆ వేసవి అంతా వీధుల్లో దాడులు జరిగాయి, జులైలో బెర్లిన్‌లోని కుర్ఫ్యూర్‌స్టెన్‌డామ్ వీధిలో యూదులను కొట్టారు. దానితో పోలిస్తే చట్టం, ఎంత కఠినమైనదైనా, ఒక హద్దు. యూదు మతగురువు లియో బేక్ నాయకత్వంలో 1933లో ఏర్పడిన జర్మన్ యూదుల ప్రాతినిధ్య సంస్థ, ఈ చట్టాలు తమను తీవ్రంగా దెబ్బతీశాయంటూనే, రెండు జనాల మధ్య సహించదగిన సంబంధానికి ఇవి ఒక ప్రాతిపదిక కావాలని ప్రకటన చేసింది. బానిసత్వంగా కనిపించే ఈ మాటల వెనుక అనుభవం ఉంది. మధ్యయుగాల నుంచీ రెండవ తరగతి మనుషులుగా బతికిన చరిత్ర వారిది. మళ్ళీ ఆ స్థితికే నెడుతున్నారని అనుకున్నారు. అంతకన్నా అధ్వానమైన స్థితి ఒకటి ఉండగలదని ఊహించడానికి అంతవరకు ప్రపంచ చరిత్రలో పోలిక లేదు. పాఠశాలలు, సహాయనిధులు, కళాకారుల సంఘం, యువకులకు వ్యవసాయ శిక్షణ వంటివన్నీ ఆ సంస్థలు ఎంతో సమర్థంగా నడిపాయి. ఆ సమర్థత కూడా కొందరిని ఆపింది.

బెర్లిన్‌లో జరిగిన 1936 ఒలింపిక్స్ కోసం యూదు వ్యతిరేక బోర్డులు తాత్కాలికంగా మాయమయ్యాయి. వ్యాపారాల స్వాధీనం మాత్రం ఆగలేదు. 1933లో ఉన్న దాదాపు లక్ష యూదు వ్యాపార సంస్థల్లో మూడింట రెండు వంతులు 1938 నాటికి మూతపడ్డాయి లేదా చేతులు మారాయి. 1938లో పరిణామాలు ఎంత వేగంగా జరిగాయంటే, అప్పటిదాకా పనికొచ్చిన తర్కమేదీ నిలవలేదు. ఏప్రిల్‌లో 5,000 మార్కులకు మించిన ఆస్తులన్నీ నమోదు చేయించారు. ఆగస్టులో పురుషుల పేర్లకు ఇజ్రాయెల్, స్త్రీల పేర్లకు సారా చేర్చమన్నారు. అక్టోబరులో పాస్‌పోర్టులపై ముద్ర వేశారు. అదే నెల చివర్లో సుమారు 17,000 మంది పోలిష్ యూదులను సరిహద్దు అవతలికి నెట్టారు. నవంబరు 9, 10 తేదీల్లో ప్రార్థనామందిరాలు తగలబెట్టి, దాదాపు 30,000 మంది పురుషులను డాహౌ, బూఖెన్‌వాల్డ్, సాక్సెన్‌హౌసెన్ శిబిరాలకు తరలించారు. ఆ విధ్వంసానికి యూదులే బాధ్యులంటూ వారి మీద 100 కోట్ల మార్కుల జరిమానా వేశారు. వలస పత్రాలు చూపితే శిబిరం నుంచి వదిలేవారు. ఆ తర్వాత కాన్సులేట్ల ముందు వరుసలు కట్టినవారిని ఎందుకు ఆలస్యం చేశారని ఎవరూ అడగనక్కరలేదు; అప్పటికి ఆలస్యం వారిని తీసుకోవలసిన దేశాల వైపునే ఉంది. 1941 అక్టోబరులో వలసను పూర్తిగా నిషేధించేనాటికి మిగిలినవారిలో వృద్ధులు, స్త్రీలు ఎక్కువ.

చివరిగా, తొందరగా వెళ్ళడం, బతికి బయటపడటం ఒకటేనన్న భావన మీ ప్రశ్నలో ఉంది. 1933లో బయలుదేరినవారిలో చాలామంది ఎంచుకున్నవి ఫ్రాన్స్, నెదర్లాండ్స్, చెకోస్లొవేకియా వంటి పొరుగు దేశాలు. ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి చెందిన ఓటో ఫ్రాంక్ మీరు చెప్పినట్టే చేశారు. బ్యాంకింగ్ కుటుంబంలో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యాధికారిగా పనిచేసిన ఆయన 1933లోనే ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్ళి వ్యాపారం ప్రారంభించి, భార్యనూ ఇద్దరు కూతుళ్ళనూ పిలిపించుకున్నారు. చిన్న కూతురు ఆన్ ఫ్రాంక్ పేరు మీకు తెలిసే ఉంటుంది. 1938లో రాటర్‌డామ్‌లోని అమెరికన్ కాన్సులేట్‌లో వీసాకు దరఖాస్తు కూడా చేశారు. 1940 మేలో జర్మన్ విమానాలు ఆ నగరం మీద బాంబులు వేసినప్పుడు కాన్సులేట్‌లోని దరఖాస్తులన్నీ కాలిపోయాయి. 1941లో ఆయన మళ్ళీ మొదటి నుంచి ప్రయత్నించారు, ఆ ప్రయత్నమూ ఫలించలేదు. ఆ నలుగురిలో యుద్ధం ముగిసేనాటికి బతికి ఉన్నది ఆయన ఒక్కరే.